మొదట మొలిచేది గడ్డే

ఏప్రిల్ 20

మా ఆడపడుచుకి,

మేం బతికే ఉన్నామని ఈపాటికి ఎవరో ఒకరు నీ చెవిన వేసే ఉంటారు. అయినా నా చేతిరాత చూస్తే గానీ నీ మనసు కుదుటపడదని రాస్తున్నాను. బతికే ఉన్నాం. ఇల్లుంది. రాతిగోడలు కదా, పొగకి నల్లబడ్డాయి గానీ నిలబడ్డాయి. ఫోన్ టవరు కాలిపోయింది, మళ్ళీ వేసే సూచనలేం కనపడటం లేదు. ఇకమీదట పాలవ్యాను డ్రైవరు చేతికిస్తే కింద ఊళ్ళో పోస్టులో వేస్తానన్నాడు. నువ్వు రాసేవీ అతనే తెచ్చిస్తాడు. అతనిచేత అంత దూరం మోయిస్తున్నాం కాబట్టి నాలుగు మాటలు ఎక్కువే రాయి.

ఇల్లు తప్పితే ఇంకేం మిగల్లేదు. కొండ మొత్తం బొగ్గు. ఇంటి పక్కన పెట్టిన తేనెపెట్టెలు ఆరున్నాయి. పైన పెద్దచెట్ల కింద పెట్టినవన్నీ పోయాయి. మైనం కరిగి నేల మీద పాయలు పాయలుగా గడ్డకట్టింది. మీ అన్నయ్య రోజూ పొద్దున్నే పైకి వెళ్ళి, కాలిన మొద్దు దగ్గరల్లా ఆగి వేళ్ళతో తట్టి చూసొస్తున్నారు. "అదేమన్నా తలుపా, తట్టగానే తియ్యడానికి?" అన్నాను. ఏ గిన్నె బోర్లించినా దాని కింద బూడిదే. మొన్న దుప్పటి ఉతికి ఆరేస్తే, తీసేటప్పటికి ఉతక్కముందు కన్నా నల్లగా ఉంది.

అసలు సంగతికి వస్తాను. మా తమ్ముడు కింద ఊళ్ళో కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు కదా, అక్కడ మీ అన్నయ్యకి పని ఇప్పిస్తానన్నాడు. వెనక రెండు గదులు కూడా ఇస్తారట. నేను సగం సామాను మూట కట్టేశాను. ఈయనేమో, "చెల్లిని అడుగు. దానికి విత్తనాల సంగతి తెలుసు. ఈ అడవి మళ్ళీ రాదని అది రాస్తే దిగిపోదాం" అన్నారు. పాతికేళ్ళు కాపురం చేసినదాని మాట గాలికి పోయింది, నీ మాట మాత్రం రాతి మీద గీత.

అందుకని అమ్మాయ్, నీకు పుణ్యం ఉంటుంది, రాదు అని రాయి. ఒక్క మాట చాలు.

మీ వదిన

---

మే 6

వదినా,

నీ ఉత్తరం బస్సులో చదువుతూ కూచున్నాను. దిగాల్సిన చోటు దాటిపోయింది. మీరిద్దరూ క్షేమం, నాకదే చాలు.

కానీ నువ్వడిగిన ఆ ఒక్క మాట రాయలేకపోతున్నాను. నేను పనిచేసే నర్సరీలో, మా విత్తనాల గదిలో పెద్దావిడ ఉందని చెప్పాను కదా, ఏ మాటనైనా నాలుగుసార్లు వడగట్టి గానీ బయటికి వదలదు, అందుకే అందరం జల్లెడ మేడం అంటాం. ఆవిడ చాలా ఏళ్ళు కాలిపోయిన కొండల మీదే పనిచేసిందట. వెళ్ళి అడిగాను. "వస్తుంది, కాకపోతే దాని వరసలో అది వస్తుంది" అంది. మొదట గడ్డీ కలుపూ. వాటి వెనక ముళ్ళపొదలు. ఆ పొదల నీడలో చెట్ల మొలకలు. ముందొచ్చినవి వెనకొచ్చేవాటికి చోటు సిద్ధం చేసి తప్పుకుంటాయట. కాబట్టి ఏది మొలిచినా పీకొద్దని అన్నయ్యకి చెప్పు.

నేనొక అబద్ధం రాస్తే నీ మూటలు విప్పక్కర్లేదు, నాకు తెలుసు. కానీ నాన్న పోయాక నాకు పుట్టింటి నుంచి మిగిలింది, అన్నయ్య నా మాట నమ్మడం ఒక్కటే. దాన్ని పాడుచేసుకోలేను. అడవి వస్తుంది అన్నాను గానీ మీరు దానికోసం అక్కడ కూచోవాలని అనలేదు. ఆ పని మంచిది, వెళ్ళండి. ఈ ముక్క అన్నయ్యకి గట్టిగా చదివి వినిపించు.

నా గది సంగతి అడిగావు ఆమధ్య. కింద టైలరింగ్ షాపు, పగలంతా మిషన్ల చప్పుడు. ఆదివారం అది ఆగితే చెవులకి తోచదు.

నీ ఆడపడుచు

---

సెప్టెంబర్ 15

అమ్మాయ్,

గట్టిగానే చదివాను. "వస్తుంది" అన్నచోట ఆయన లేచి చొక్కా తొడుక్కుని పైకి వెళ్ళిపోయారు. మిగతాది గోడకి చదివి వినిపించాను.

కోల్డ్ స్టోరేజీ పని వేరేవాళ్ళకి ఇచ్చేశారు. మా తమ్ముడు ఎన్నాళ్ళని ఆపుతాడు? నువ్వేమీ బాధపడకు, నేను పడుతున్నాను కదా, ఇంటికొకరు చాలు.

వానలు పడ్డాయి. నువ్వు చెప్పిన వరసే. బూడిదలోంచి ముందు సన్నగా గడ్డి వచ్చింది, తర్వాత మోకాలెత్తున ఏదో కలుపు, దానికి కొండంతా పసుపుపచ్చ పూలు. మీ అన్నయ్య ఒక్క మొక్క పీకనివ్వడం లేదు. గుమ్మంలో మొలిచినదాన్ని తీస్తే, "చెల్లి ఏం రాసింది?" అని నా మీద విరుచుకుపడ్డారు. గుమ్మంలో అడవి పెంచమని రాసిందా అన్నాను. మిగిలిన ఆరు పెట్టెల తేనెటీగలూ ఆ పూల మీదే ఉంటున్నాయి. ఆయన ముఖం చూస్తే, పోయిన కొండ తిరిగొచ్చి తలుపు కొట్టినట్టుంది.

నేనొకటి అడుగుతాను, తిప్పకుండా జవాబు రాయి. ఎన్నేళ్ళు? ఆ ఎర్రపూల పెద్దచెట్లు మళ్ళీ పూసి, పెట్టెల్లో తేనె నిండడానికి ఎన్నేళ్ళు పడుతుంది? మీ అన్నయ్యకి యాభై మూడు నిండాయి.

వదిన

---

అక్టోబర్ 3

వదినా,

నలభై ఏళ్ళు. మొదటి ఉత్తరంలోనే రాయాల్సింది, చెయ్యి రాలేదు.

అది కూడా అన్నీ అనుకున్నట్టు జరిగితేనట. మళ్ళీ మంట రాకూడదు, మట్టి కొట్టుకుపోకూడదు, విత్తనాలు పడేసే పిట్టలు తిరిగి రావాలి. అన్నీ జరిగినా, వచ్చేది పాత అడవే అవుతుందని చెప్పలేమంది జల్లెడ మేడం. "అదే చోట ఇంకో అడవి" అంది.

అన్నయ్యకి ఎలా చెప్పాలో నాకంటే నీకే బాగా తెలుసు. చెప్పాక ఏమన్నాడో రాయి. నాకు ఇక్కడ తిండి సహించడం లేదు.

నీ ఆడపడుచు

---

ఏప్రిల్ 28

అమ్మాయ్,

మంటలకి ఏడాది నిండింది. జవాబుకి ఇన్నాళ్ళు పట్టింది, ఎందుకో నువ్వే చదువు.

నలభై ఏళ్ళన్న సంగతి నీ ఉత్తరం అందిన రోజే చెప్పాను. అన్నం తింటున్నారు. చెయ్యి ఆగింది. "అది వాటంతట అవి వస్తే పట్టే లెక్క. నాటితే అంత పట్టదు. చెల్లి దగ్గర మొక్కలుంటాయి, పంపించమను" అన్నారు. చూశావా? నువ్వు తలుపు వేద్దామని రాస్తే ఆయనకి కిటికీ కనపడింది. ఇన్నాళ్ళూ ఆ కబురు నీకు చేరనివ్వకుండా నేనే ఆపాను. రోజూ పోరు పెడుతుంటే ఇక నా వల్ల కాలేదు.

ఇంకో మాట, కడుపులో దాచుకోలేక రాస్తున్నాను. పై వాలు మామగారు మీ ఇద్దరి పేరునా రాశారు. మేం దిగిపోతే దాన్ని చూసేవాళ్ళుండరు. నీ వాటాకి మేం కాపలా ఉంటామనేనా, 'వస్తుంది' అని రాశావు? తప్పుగా అడిగి ఉంటే తప్పే. కానీ ఇక్కడ సాయంత్రాలు మాట్లాడే మనిషి లేక బుర్ర ఎటెటో పోతోంది.

మీ అన్నయ్య ఈ కాగితం చదవలేదు. కింద చోటుంచమంటే ఉంచాను.

వదిన

చెల్లీ, మీ వదిన ఏం రాసినా సగానికి సగం కొట్టెయ్. ఆ పసుపుపూల తేనె దిగింది. కాస్త చేదుగా ఉంది, అయినా తేనే. సీసా పంపిస్తున్నాను. మొక్కలు పంపు. నాన్న ఉంటే ఈపాటికి సగం కొండ నాటేవాడు. – అన్నయ్య

---

మే 20

వదినా,

వాటా అక్కర్లేదని కాగితం మీద సంతకం పెట్టి దీంతో పాటు పంపుతున్నాను. ఇక ఆ వాలు అంతా మీదే. ఎప్పుడూ మీదే అనుకున్నాను.

మొక్కలు అన్నయ్య అడిగాడు కాబట్టి పంపుతున్నాను. నేనే విత్తనం నాటి పెంచినవి. పాలవ్యానులో నిలబెట్టి తెమ్మను, పడుకోబెడితే విరుగుతాయి. ముళ్ళపొదలు వస్తే రానివ్వండి, వాటి నీడ మొక్కకి మంచిది. మరీ కమ్ముకుంటే మొక్క చుట్టూ కాస్త తీస్తే సరిపోతుంది, ఎండ తగులుతుంది.

తేనె అందింది.

ఉంటాను.

---

జూన్ 2

అమ్మాయ్,

నువ్వు రాయక మూడేళ్ళు. నేను రాసిన రెండింటికీ జవాబు లేదు. నాలుక కాల్చుకోవాల్సిన మాట రాశాను. ఆ వాటా నీ పేరు మీదకే మళ్ళీ మార్పిస్తానని మీ అన్నయ్య అంటే, "అమ్మాయి ముడుచుకుని ఇంకా దూరమవుతుంది, ఊరుకోండి" అన్నాను. కోపం తగ్గకపోయినా ఫరవాలేదు, కోపంగానే రాయి.

ఇక్కడి సంగతులు. పసుపుపూలు రెండేళ్ళే. తర్వాత వాటి మీదికి ముళ్ళపొదలు ఎగబాకాయి. మనిషెత్తు లేచి ఒకదాన్నొకటి పెనవేసుకున్నాయి, మేకైనా దూరలేదు. వాటి పూలు ఈగలకి పనికిరావు. ఆరు పెట్టెలు నాలుగై, నాలుగు రెండయ్యాయి. మిగిలిన రెంటికీ పంచదార నీళ్ళు పోసి పెంచుతున్నాం. ఈగకి మనం తిండి పెట్టడం ఏమిటో, కాలం తిరగబడింది.

నీ మొక్కలు ఆ పొదల కింద చిక్కుకుపోయాయి. ఉన్నాయో పోయాయో కూడా తెలియలేదు. మొన్న చలికాలంలో మీ అన్నయ్య కొడవలి తీశారు. "చుట్టూ తీస్తే ఎండ తగులుతుందని చెల్లి రాసింది" అని మొదలుపెట్టారు. మొదట్లో నేను గుమ్మంలో కూచుని చూస్తుండేదాన్ని, ఈ పిచ్చి ఎన్నాళ్ళో చూద్దామని. ఒకరోజు పైనుంచి కేకేశారు. వెళ్ళి చూస్తే, పొద కింద నీ మొక్క. నా నడుమెత్తు ఉంది. చివర రెండు లేత ఆకులు ఎర్రగా, ఆ పెద్దచెట్ల చిగురే. నిజం చెప్పాలంటే అమ్మాయ్, మంటల తర్వాత ఎర్రటిది ఏదైనా చూసి భయపడకపోవడం నాకు అదే మొదలు.

మర్నాటి నుంచి రెండో కొడవలి నేను పట్టాను. చేతులు చీరుకుపోయాయి. కానీ పై వాలంతా శుభ్రం చేశాం. కింద నుంచి పైదాకా ఒక్క పొద లేదు, వేళ్ళతో సహా తవ్వి తీసేశాం. నీ మొక్కలు ఎనభై దాకా బతికే ఉన్నాయి, బడిపిల్లల్లా వరసగా నిలబడ్డాయి. నలభై ఏళ్ళకి నేను ఉండను. తెలుసు. అయినా నాక్కూడా ఆశ పుట్టింది. నవ్వకు.

వానలు తగ్గాక ఒకసారి వచ్చి చూసి వెళ్ళు.

నీ వదిన

---

జూన్ 14

వదినా, ఇది అందగానే ఇద్దరూ కిందికి దిగిపోండి. మీ తమ్ముడి ఇంటికి వెళ్ళండి, లేదా పాలవ్యానులో కూచుని ఎటైనా సరే. మిగతాది తర్వాత చదువు.

నీ ఉత్తరం జల్లెడ మేడంకి సంతోషంగా చూపించాను. చదివి కళ్ళజోడు తీసేసింది. కాలిన చెట్టు చచ్చినా, దాని వేళ్ళు ఇన్నేళ్ళూ లోపల మట్టిని పట్టుకునే ఉంటాయట. మూడు నాలుగేళ్ళకి అవి కుళ్ళిపోతాయి. ఆ తర్వాత కొండని పట్టుకుని ఉండేవి ఆ ముళ్ళపొదల వేళ్ళే. మొక్కలు ఇంకా చిన్నవి, వాటికి అంత బలం లేదు. పెద్దవాన పడితే వాలు నిలవదంది. నేను ఏ గదిలో ఉన్నానో కూడా ఒక నిమిషం తెలియలేదు.

మీ తమ్ముడికి ఫోన్ చేశాను, స్విచాఫ్ వస్తోంది. మళ్ళీ చేస్తాను. అన్నయ్యని వాలు మీదికి వెళ్ళనివ్వకు. మొక్కలు పోతే పోనీ, ఎన్ని కావాలంటే అన్ని పెంచి పంపుతానని చెప్పు.

నేను కోపంతో రాయకుండా ఉండలేదు వదినా. ఏం రాయాలో తెలియక ఒకనెల, ఇంత ఆలస్యంగా ఏం రాస్తానని ఇంకోనెల, అలా అయిపోయింది.

---

సెప్టెంబర్ 10

అమ్మాయ్,

నువ్వు వచ్చి ఇక్కడున్నన్నాళ్ళూ నీతో ఒక్క మాట మాట్లాడలేదు. నువ్వు బస్సెక్కేటప్పుడు కూడా లోపలే కూచున్నాను. మాట్లాడితే ఏం వస్తుందో నాకే తెలియలేదు. ఇప్పుడు రాస్తాను.

అప్పటికి రెండు రోజులుగా వాన. మధ్యాహ్నం కాస్త తెరిపిచ్చింది. మొక్కల మొదట్లో నీళ్ళు నిలిచి కుళ్ళిపోతాయేమో, చిన్న కాలవ తీసొస్తానని పార పట్టుకుని బయల్దేరారు. "తిని వెళ్ళండి" అన్నాను. "వచ్చి తింటా, మూత పెట్టు" అన్నారు. నేను తేనెచట్రాల మైనం గీకుతూ కూచున్నాను. అందరూ అడుగుతున్నారు, పిడుగు పడ్డట్టు వినపడిందా అని. లేదు. లారీలోంచి కంకర దింపినట్టు, అంతే. తలెత్తి చూస్తే వాలు మీద పచ్చ లేదు. ఎర్రటి మట్టి. అది ఇంకా మెల్లగా కదులుతోంది.

నీ ఉత్తరం మర్నాడు వచ్చింది. పాలవ్యాను డ్రైవరు కూడా తవ్వేవాళ్ళలో ఉన్నాడు. మధ్యలో గుర్తొచ్చి జేబులోంచి తీసి ఇచ్చాడు. తడిసి ముద్దయింది, అయినా మొదటి ముక్క చదవడానికి వచ్చింది. నువ్వున్నప్పుడు ఇది చెప్పలేదు. వాన ముందే మొదలై రోడ్డు తెగకపోతే ఒకరోజు ముందు అందేదట.

నువ్వు వెళ్ళిన వారానికి తవ్వడం ఆపేశారు. ఇంకా జారుతుంది, మనుషుల్ని పెట్టలేమన్నారు. మనిషిని చూపించకుండానే వెళ్ళిపోయారు.

నువ్వు 'కాస్త' అని రాశావు. ఆయన ఏనాడు 'కాస్త' విన్నారు గనక. విన్నదాన్ని నేనైనా చెప్పొచ్చు, కానీ రెండో కొడవలి నా చేతిలో ఉంది. నీ మీద కోపం లేదని రాయలేను. ఉంది. నా మీద ఇంకా ఎక్కువ ఉంది. తగ్గాక రాద్దామంటే ఇక ఎప్పటికీ రాయనేమోనని ఇలాగే రాసేస్తున్నాను.

వదిన

---

సెప్టెంబర్ 22

వదినా,

కోపం అక్కడే ఒంటరిగా ఎందుకు పడతావు, నా గదికి వచ్చి నన్ను చూస్తూ కోప్పడు. రెండో మంచం వేయించాను. కిటికీ పక్కన వేశాను, నీకు గాలి లేకపోతే నిద్ర పట్టదు కదా.

విత్తనాల గదిలో నన్ను ప్యాకింగ్ వైపుకి మార్చమన్నాను. మొలకల ట్రేలు ముట్టుకోలేకపోతున్నాను. జల్లెడ మేడం ఏమీ అడక్కుండా మార్చేసింది.

ఎప్పుడు బయల్దేరతావో రాయి. వచ్చి తీసుకొస్తాను.

నీ ఆడపడుచు

---

నవంబర్ 8

అమ్మాయ్,

ఏడాదికి పైగా నువ్వు రాసినవన్నీ అందాయి. ప్రతిదాన్లోనూ ఆ మంచం సంగతి రాస్తావు. దాన్ని ఇంకెవరికైనా ఇచ్చెయ్, నేను రాను. ఇక్కడ ఉండి చేసేది కూడా ఏం లేదు. ఉన్న రెండు పెట్టెలూ ఎండిపోయాయి, వాటిని గోడ పక్కన బోర్లించాను. పొద్దున లేస్తాను, సాయంత్రం అవుతుంది.

మట్టి పడ్డ తర్వాత కొన్నాళ్ళు అంతా ఎర్రగా, చర్మం ఒలిచిన ఒంటిలా ఉండేది. చూడలేకపోయేదాన్ని, కానీ ఎక్కడ చూడాలో తెలిసేది. ఆయన పార పిడో, చెప్పో ఏదైనా పైకి తేలుతుందని రోజూ ఆ చివర నుంచి ఈ చివరకి నడిచేదాన్ని. నెల తిరక్కుండానే సన్నగా గడ్డి వచ్చింది. పీకాను. చేతనైనంత చోటు పీకి వచ్చేసరికి వెనక మళ్ళీ మొలిచేది. చలికాలం అంతా పీకాను. ఈ వానలకి ఇక నావల్ల కాలేదు. ఇప్పుడు మోకాలెత్తు గడ్డి, ఆ పసుపుపూలు. ఎక్కడ జారిందో, ఎక్కడ తవ్వారో ఏమీ తెలియడం లేదు. ఎక్కడినుంచో అడవి తేనెటీగలు కూడా వచ్చి వాలుతున్నాయి. మొన్న నిలబడి, ఆయన కాలవ తియ్యడానికి వెళ్ళిన దారి ఏదో గుర్తుచేసుకుందామనుకున్నాను. దొరకలేదు.

ఫారెస్టు ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చి చెక్కచట్రం నేల మీద పెట్టి, అందులో ఎన్ని రకాలు మొలిచాయో రాసుకున్నారు. మంచినీళ్ళు అడిగితే ఇచ్చాను. "బాగా కోలుకుంటోందమ్మా" అన్నారు, నాకు సంతోషం కలిగించే కబురు చెప్పినట్టు. మంచివాళ్ళే. వాళ్ళకెవరూ చెప్పి ఉండరు.

నిన్న కొత్తగా వేసిన ఫారెస్టు గార్డు ఇటువైపు వచ్చాడు. కుర్రాడు, వేరే ఊరివాడు. గుమ్మం ముందు నిలబడి, నడుం మీద చేతులు వేసుకుని వాలు వైపు చాలాసేపు చూశాడు. "బాగుందమ్మా ఇక్కడ. ఈ కొండ ఎప్పుడూ ఇలా గడ్డేనా?" అని అడిగాడు.

అవునన్నాను.

వదిన